అరచేతిలోని నరం: అపోన్యూరోసిస్ అనే మాట గురించి

మా బాపు కుడిచేతి ఉంగరపు వేలు మూడేళ్లుగా అరచేతి వైపు ముడుచుకుంటూ వచ్చింది. వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన చేయి అది. నొప్పి పెద్దగా లేదు, తిమ్మిరి లేదు, వేలు మాత్రం నిటారుగా చాచుకోదు. ఎవరడిగినా ఆయన చెప్పిన మాట ఒక్కటే: "నరం గుంజుకపోతాంది బిడ్డా." మొదట మేము చూపించిన చోట ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని, నరాల బలహీనత అని రాసి, నెలల తరబడి నరాలకు బలమిచ్చే మాత్రలూ సూదులూ ఇచ్చారు. వేలు ఇంకొంచెం వంగింది. ఆ తరువాత మరొక శస్త్రవైద్యుడు బాపు చేతిని బల్లమీద బోర్లా పరచమన్నారు. చేయి బల్లకు ఆనలేదు. చేతిని వెల్లకిలా తిప్పి, అరచేతి చర్మం కింద తాడులాగా లేచిన గట్టి భాగాన్ని బొటనవేలితో తడిమి చూసి, కాగితం మీద పామర్ అపోన్యూరోసిస్ (పామర్ అంటే అరచేతికి చెందిన) అని రాసి, దీనికీ నరాలకూ సంబంధం లేదమ్మా అన్నారు.

నేను హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను కనుక ఆ పదం నాకు కొత్తది కాదు. కానీ ఆ రోజు ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని ఇంటికి వస్తున్నప్పుడు, ఇన్నేళ్లుగా ఆలోచించని సంగతి ఒకటి నన్ను వదలలేదు. నరాలతో సంబంధం లేదని చెబుతూ ఆయన రాసిన పదం నడుమనే న్యూరో అనే ముక్క ఉంది. న్యూరాన్ అంటే నాడీకణం అని నేనే ఏటా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతాను. మరి నరం లేని చోట ఆ మాట ఎందుకు వచ్చింది? చివరనున్న ఓసిస్ కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ట్యూబర్‌క్యులోసిస్, థ్రాంబోసిస్ వంటి మాటలు విన్న చెవికి అపోన్యూరోసిస్ ఏదో నరాల జబ్బు పేరులా వినిపిస్తుంది. నిజానికి అది జబ్బు పేరు కాదు, ప్రతి ఆరోగ్యవంతుడి ఒంట్లోనూ ఉండే ఒక భాగం పేరు.

ముందు ఆ భాగం ఏమిటో చెప్పాలి. కండరం దాదాపు ఎప్పుడూ తనంత తానుగా ఎముకను పట్టుకోదు. దాని కొస తెల్లని, గట్టి నారల కట్టగా మారి ఎముకకు అతుక్కుంటుంది. మడమ వెనుక చేతికి తగిలే లావాటి తాడు అలాంటిదే, మన పాఠ్యపుస్తకాలు దాన్ని స్నాయుబంధనం అంటాయి, వాడుకలో టెండాన్ అంటాము. ఎముకను ఎముకతో కట్టేది సంధిబంధనం, అంటే లిగమెంట్. కండరపు కొస తాడులా గుండ్రంగా కాకుండా, బట్టలా వెడల్పుగా పలచగా పరుచుకుంటే అది అపోన్యూరోసిస్. తాటికమ్మను చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. చేతికి బలంగా తగిలే మట్ట ఒక చోట నుండి విసనకర్రలా విచ్చుకుంటుంది. మట్టలో ఉన్న నారలే ఆకులోనూ ఉన్నాయి, అమరిక మారింది, అంతే. మాంసం కోసేటప్పుడు ముక్కమీద మెరిసే తెల్లని పొర కనిపిస్తుంది, కత్తికి సులువుగా తెగదు, ఎంత ఉడికించినా పంటికింద సాగుతుంది. ఆ పొరలో కొంతభాగం ఈ జాతిదే. రక్తనాళాలు చాలా తక్కువగా ఉంటాయి కనుక తెల్లగా ఉంటుంది, అదే కారణం చేత దెబ్బ తగిలితే మానడానికి ఎక్కువ కాలం పడుతుంది.

అరచేతిలో ఇది త్రికోణాకారంలో ఉంటుంది. మణికట్టు దగ్గర సన్నగా మొదలై నాలుగు వేళ్ల మొదళ్ల వైపు నాలుగు పాయలుగా చీలుతుంది. అరచేతి చర్మం దీనికి చిన్న చిన్న నారలతో కుట్టినట్టు అతుక్కుని ఉంటుంది. ముంజేతి వెనుక చర్మాన్ని పట్టుకుని లాగితే జారుతుంది, అరచేతి చర్మం జారదు, కారణం ఇదే. ఈ కుట్టుపని లేకపోతే మగ్గం మీద పలకను గట్టిగా పట్టి కొట్టినప్పుడు చర్మం ఎముకలమీద జారిపోయేది, పట్టు నిలిచేది కాదు. అరికాలిలో ఇలాంటిదే మడమ ఎముక నుండి కాలివేళ్ల దాకా సాగి ఉంటుంది. నడిచేటప్పుడు వేళ్లు పైకి వంగితే అది బిగిసి, గిరకకు తాడు చుట్టుకున్నట్టు పాదం నడిమి వంపును పైకి లేపుతుందని హిక్స్ అనే శాస్త్రవేత్త 1954లో వివరించారు. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టు నొప్పి వచ్చేవారికి, ముఖ్యంగా రోజంతా నిలబడి పనిచేసే నా వంటివారికి, ఈ పొర ఉనికి బాగా తెలుసు, పేరు తెలియకపోవచ్చు.

కడుపు దగ్గర సంగతి ఇంకా అందమైనది, కనీసం నేతపనివారి ఇంట్లో పుట్టిన నాకు అలా అనిపిస్తుంది. పొట్టకు రెండు పక్కలా మూడేసి వెడల్పాటి కండరాలు ఒకదానిమీద ఒకటిగా ఉంటాయి. వాటి నారలు ఒక్కో పొరలో ఒక్కో దిక్కుగా పోతాయి. ముందుకు వచ్చేసరికి అవి తెల్లని పలుచని పొరలుగా మారి, బొడ్డుకు పైనా కిందా నడిగీత మీద, కుడివైపు నారలు ఎడమవైపు నారలతో ఒకదానిలో ఒకటి దూరి అల్లుకుపోతాయి. లీనియా ఆల్బా, అంటే తెల్లగీత అని దానికి పేరు. పొట్టను తెరవవలసిన శస్త్రచికిత్సలలో చాలావాటికి ఆ గీత వెంబడే కోస్తారు, అక్కడ నెత్తురు తక్కువ పోతుంది. తిరిగి కుట్టేటప్పుడు చర్మం కుట్లకన్నా ఆ అల్లిక కుట్లే ముఖ్యం. అవి సరిగ్గా నిలవకపోతే తరువాత అక్కడ పేగు పొంగుకొస్తుంది.

ఇంకొక చోటు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మోచేతి ముందు, రక్తం తీసే నరానికి అడుగున, ఒక చిన్న అపోన్యూరోసిస్ ఉంటుంది. దాని కింద పెద్ద ధమని, ముఖ్యమైన నాడి ఉంటాయి. పూర్వం యూరప్‌లో మంగలివారే కత్తితో గాటుపెట్టి రక్తం తీసే రోజుల్లో, కత్తి లోతుగా దిగినా ఈ పొర ధమనిని కాపాడుతుందని, దానికి దేవుడి దయ అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరు పెట్టుకున్నారు. ఇంతకుముందు వాక్యంలో రక్తం తీసే నరం అని రాశాను. శాస్త్రం ప్రకారం అది సిర. అలవాటుగా చేతిలోంచి అలాగే వచ్చింది, దిద్దకుండా ఉంచుతున్నాను, ఎందుకంటే ఈ వ్యాసమంతా ఆ మాట గురించే.

ఇక పదం. అది గ్రీకు పదం. అపో అంటే ఒకదానినుండి విడివడి, దూరంగా అని అర్థం. ఒకటి ఇంకొకటిగా పూర్తిగా మారిపోవడాన్ని చెప్పే క్రియలముందు కూడా అది చేరుతుంది. కణాలు తమంత తాము రాలిపోయే అపాప్టోసిస్‌లో ఉన్న అపో కూడా ఇదే, ఆ పదానికి ఆకులు రాలడం అని అర్థం. ఓసిస్ అంటే ఒక ప్రక్రియ లేదా స్థితి. గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే మెటమార్ఫోసిస్‌లో ఉన్నది అదే ఓసిస్, అందులో జబ్బు ఏమీ లేదు. నడుమనున్న న్యూరాన్‌కు పాత గ్రీకులో అర్థం నాడి కాదు. లాగితే తెగని తీగ, జంతువు ఒంటినుండి తీసిన గట్టి తాడు, వింటినారి అనేవి దాని అర్థాలు. గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్ కావ్యంలో పాండరస్ అనే విలుకాడు విల్లు ఎక్కుపెట్టినప్పుడు అతడు లాగే నారి ఎద్దు స్నాయువుతో చేసినది, అక్కడ వాడిన మాట ఈ మాటకు సోదరి. అదే కావ్యంలో బాణపు ములికిని కట్టెకు కట్టిన తాడును కూడా న్యూరాన్ అనే అన్నారు. కాబట్టి అపోన్యూరోసిస్ అంటే కండరం తన మాంసపుతనాన్ని విడిచి స్నాయువుగా మారిపోవడం అని అర్థం. మారిపోవడం అనే క్రియకు పెట్టిన పేరు కాలక్రమంలో మారిన ఆ భాగానికే పేరుగా నిలిచింది.

వింటినారి అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తెలుగులో నార ఉంది, నారి ఉంది, రెండూ ఒకే ద్రావిడ మూలానివి. తమిళంలో నార్ అంటే పీచు, తాడు, వింటినారి కూడా. నరము అనేది కూడా ద్రావిడ పదమే. తమిళంలో నరంబు అంటే నాడి, సిర, స్నాయువు మాత్రమే కాక యాళ్ అనే పాతకాలపు వాద్యానికి కట్టిన తీగ కూడా. కన్నడలో నర, మలయాళంలో ఞరంపు. అంటే దక్షిణాదివారు కూడా, గ్రీకులలాగానే, ఒంట్లో తీగలా సాగి ఉన్నవాటన్నిటినీ ఒక్క మాటతో పిలిచారు. లాగితే బిగుసుకునేది, మీటితే మోగేది, కట్టితే నిలిచేది నరం. రెండు జాతులూ శవాన్ని కోసి చూడకముందే, చేతికి తగిలిన గుణాన్ని బట్టి పెట్టుకున్న పేర్లివి.

నరం, నెర్వ్ అనే రెండు మాటలూ ఒకేలా వినిపించడం చూసి, అది మననుండి వెళ్లిన మాటేనని ఫోన్లలో తిరిగే సందేశాలను నేనూ చదివాను. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. గ్రీకు న్యూరాన్‌కూ లాటిన్ నెర్వస్‌కూ నిజమైన చుట్టం మన దగ్గర వాడుకలో ఉన్న ఇంకొక మాట, అది సంస్కృతం నుండి వచ్చిన స్నాయువు. వేదభాషలో స్నావన్ అనే రూపం కూడా ఉంది. గ్రీకులో మొదటి సకారం జారిపోయింది, లాటిన్‌లో అక్షరాలు తారుమారయ్యాయి, మూలం ఒకటే. కనుక మనం న్యూరాన్ అని రాసినప్పుడల్లా, తెలియకుండానే, స్నాయువు అనే మాటకు దూరపు బంధువును నాడీకణానికి పేరుగా వాడుతున్నాము. టెండాన్‌కు కూడా మన వైపు చుట్టాలున్నారు. గ్రీకు టెనాన్ సాగదీయడం అనే ధాతువు నుండి వచ్చింది, తంతువు, తంత్రి పుట్టింది కూడా ఆ ధాతువు నుండే. వైదిక భాషలో తంత్రం అంటే మగ్గం, మగ్గం మీద సాగదీసి కట్టిన పడుగు. నేతవాడికి సంస్కృతంలో తంతువాయుడని పేరు. బాపుకు ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ఇంకోసారి చెప్పమని అడిగి విన్నారు.

అయితే పాత మాట విశాలమైనది కనుక అదే మంచిదని నేను అనలేను, ఎందుకంటే ఆ విశాలత్వం వల్ల వైద్యం దాదాపు పదిహేను వందల ఏళ్లు తడబడింది. అరిస్టాటిల్ ఈ న్యూరాన్లన్నిటికీ గుండె మూలమన్నాడు. గుండె గదుల లోపల కవాటాలను పట్టి ఉంచే తెల్లని తీగలను చూసి అలా అన్నాడు, వాటినే ఇప్పుడు కార్డే టెండినే అంటాము. ఆ తరువాత అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే ఇద్దరు గ్రీకు వైద్యులు శవాలను కోసి, మెదడునుండి, వెన్నుపాము నుండి బయలుదేరి స్పర్శనూ కదలికనూ మోసే తీగలు వేరని కనుగొన్నారు. వస్తువు వేరని తెలిసింది, మాట మాత్రం పాతదే ఉండిపోయింది. క్రీస్తుశకం రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ ఈ చిక్కును బాగా ఎరిగినవాడు. మెదడునుండి వచ్చేవి, ఎముకనుండి వచ్చేవి, కండరంనుండి వచ్చేవి అని మూడు రకాలుగా విడదీశాడు. కండరంనుండి వచ్చే వెడల్పాటి వాటికి అపోన్యూరోసిస్ అనే పేరు వైద్యంలో స్థిరపడింది అతని రాతల వల్లనే. కానీ టెండాన్ ఎలా తయారవుతుందన్న దానికి అతడిచ్చిన వివరణ మళ్లీ ఆ మాట నీడలోనే నడిచింది. నాడి కండరంలోకి దూరి పోగులు పోగులుగా విడిపోతుందనీ, లిగమెంటు పోగులతో కలుస్తుందనీ, అవన్నీ మళ్లీ ఒకటై కొసన టెండాన్‌గా బయటికి వస్తాయనీ అతడు నమ్మాడు. అంటే అతని లెక్కలో టెండాన్‌లో సగం నాడి ఉంది.

దీని ఫలితం చూడండి. నాడి ఉన్న చోట సూది గుచ్చితే మూర్ఛలు, ఈడ్పులు వస్తాయన్న భయంతో తెగిన టెండాన్‌ను కుట్టకూడదని శస్త్రవైద్యులు శతాబ్దాలపాటు వెనుకాడారు. పర్షియా వైద్యుడు అవిసెన్నా కుట్టవచ్చనే చెప్పాడు, కానీ యూరప్‌లో గాలెన్ మాటకే ఎక్కువ బలం. 1752లో స్విస్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ జంతువులమీద ప్రయోగాలు చేసి, టెండాన్‌ను గుచ్చినా కోసినా నాడిని ముట్టినప్పుడు వచ్చే బాధ రాదని చూపించాక గానీ ఆ నమ్మకం సడలలేదు. టెండాన్‌లో బిగుతును గ్రహించి మెదడుకు తెలిపే చిన్న గ్రాహకాలు ఉన్నాయని తరువాతి కాలంలో ఇటలీ శాస్త్రవేత్త గాల్జీ కనుగొన్నాడు కనుక హాలర్ మాట కూడా సంపూర్ణం కాదు. అయినా తెగిన చేతిని కుట్టడానికి దారి తెరిచింది ఆ పరిశీలనే. ఒక్క పేరు కింద రెండు వస్తువులు ఉండిపోయినందుకు ఎన్ని చేతులు కుట్టుకు నోచుకోకుండా పోయాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చివరికి 1891లో జర్మన్ శరీరశాస్త్రవేత్త వాల్డెయర్ నాడీకణానికి న్యూరాన్ అని పేరు పెట్టడంతో ఆ మాట స్నాయువును పూర్తిగా విడిచిపెట్టింది. పాత అర్థం అపోన్యూరోసిస్ అనే పదంలో మాత్రమే, ఎవరూ గమనించని మూలన, చెక్కుచెదరకుండా మిగిలింది.

ఇక్కడ సుశ్రుతుడిని తలచుకోకుండా ఉండలేను. సుశ్రుతసంహిత శారీరస్థానం ఐదవ అధ్యాయంలో స్నాయువులు 900 అని చెప్పి, కాళ్లూ చేతులలో 600, మొండెంలో 230, మెడకు పైన 70 అని పంచాడు. ఆ సంఖ్యలను నేటి శరీరశాస్త్రంతో సరిపోల్చే ప్రయత్నం నాకు ఇష్టం లేదు, ఆయన లెక్కించిన పద్ధతి వేరు. కానీ ఆయన చేసిన విభజన నన్ను ఆశ్చర్యపరిచింది. కొమ్మలుగా విస్తరించేవి, గుండ్రనివి, వెడల్పయినవి, బోలుగా ఉండేవి అని నాలుగు విధాలు. గుండ్రనివాటికే కండర అని పేరు. వెడల్పయినవి, అంటే పృథువులు, ఎక్కడ ఉంటాయని చెప్పాడో చూడండి: పక్కలలో, రొమ్ముమీద, వీపున, తలమీద. నేటి శరీరశాస్త్ర విద్యార్థిని పెద్ద అపోన్యూరోసిస్‌లు ఎక్కడున్నాయని అడిగితే పొట్ట పక్కలు, నడుము, తల అనే చెబుతుంది. తలమీద ఉన్నదానికి లాటిన్‌లో శిరస్త్రాణం అనే అర్థంతో గేలియా అని పేరు. నెత్తిమీద అది అడ్డంగా తెగితే ముందు కండరం ముందుకు, వెనుక కండరం వెనుకకు లాగి గాయం నోరు తెరుచుకుంటుంది. పొర కనబడకపోయినా దాని పనితనం అక్కడ కనబడుతుంది.

అదే అధ్యాయంలో ఒక పోలిక ఉంది. పలకలు పరిచి అనేకమైన కట్లతో బిగించి కట్టిన పడవ నీటిమీద మనుషుల బరువును మోస్తుంది, అలాగే ఒంట్లోని కీళ్లన్నీ స్నాయువులతో కట్టబడి ఉన్నందువల్లనే మనిషి బరువును ఓర్చుకుంటాడు అని. సంయోజక కణజాలం చేసే పనిని ఇంత స్పష్టంగా చెప్పిన వాక్యం నా పాఠ్యపుస్తకాలలో నాకు దొరకలేదు. ఎముక, కండ, సిర, కీలు దెబ్బతిన్నప్పటికన్నా స్నాయువు దెబ్బతిన్నప్పుడే మనిషికి ఎక్కువ కీడు అని కూడా ఆయన అన్నాడు. లోపలివీ బయటివీ స్నాయువులను ఎరిగినవాడే లోతుగా దిగిన శల్యాన్ని, అంటే ఒంట్లో గుచ్చుకున్న ములికి వంటిదాన్ని, తీయగలడన్నాడు. బాణపు గాయాలు కుట్టిన చేయి రాసిన మాటలవి.

సంయోజక కణజాలం అనే మన పదం గురించి కూడా నాకొక అభిప్రాయం ఉంది. ఆంగ్లంలో టిష్యూ అనే మాట నేసినది అనే అర్థమున్న ఫ్రెంచి పదం నుండి వచ్చింది, హిస్టాలజీలోని హిస్టాస్ అంటే గ్రీకులో మగ్గం, మగ్గం మీది నేత. మనవారు మగ్గాన్ని విడిచి వలను తీసుకుని, కణాల వల అనే అర్థంలో కణజాలం అన్నారు. మిగతా కణజాలాలకు అది బాగానే నప్పుతుంది. సంయోజక కణజాలానికి మాత్రం అంతగా నప్పదు, ఎందుకంటే అక్కడ కణాలు దూరదూరంగా, చాలా తక్కువగా ఉంటాయి. బరువు మోసేది కణాలు కాదు, ఆ కణాలు తమ బయట వడికి పరిచిన కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు. నేతగాడు మగ్గం వెనుక ఒక్కడే ఉంటాడు, కప్పుకునేది అతడు నేసిన బట్టనే. అందుకే ఈ పాఠం చెప్పేటప్పుడు నేను వల బొమ్మ గీయడం మానేసి, పడుగు పోగులు గీసి వాటి నడుమ అక్కడక్కడ చుక్కలు పెడుతున్నాను.

తెలుగులో అపోన్యూరోసిస్‌కు పేరు ఏమిటన్నది ఇక మిగిలిన ప్రశ్న. కండరాకళ అనవచ్చు, సంస్కృతం తెలిసినవారికి టెండాన్ పొర అని సరిగ్గానే అర్థమవుతుంది. కానీ సుశ్రుతుడు టెండాన్‌కు వాడిన కండర తెలుగుకు వచ్చేసరికి, బహుశా మన కండతో కలిసిపోయి, మాంసపు భాగానికే పేరైంది. ఈ రోజు కండరాకళ అంటే తెలుగు పిల్లలు కండరం మీది పొర అనుకుంటారు, అది ఇంకొక వస్తువు, దాన్ని ఫేషియా అంటాము. అది లాటిన్‌లో గాయానికి చుట్టే పట్టీ పేరు. కాబట్టి నేను తరగతిలో పృథుస్నాయువు అని చెబుతున్నాను. పలకడానికి కొంత బరువైన మాటే, ఒప్పుకుంటాను. అయినా వెడల్పు, స్నాయుత్వం అనే రెండు గుణాలనూ అది చెబుతుంది, అబద్ధం చెప్పదు. ఇంకా తేలికగా కావాలన్న పిల్లలకు నారపొర అంటాను.

చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి పరీక్షలో, కండరాన్ని ఎముకకు కలిపేది నరం అని రాసింది. నేను దానికి సున్నా వేసి ఎర్రగీత గీశాను. పరీక్ష పరంగా నేను వేసిన మార్కు తప్పు కాదు. కానీ ఆమె రాసింది తెలియనితనం అనుకున్నానే, అది తప్పు. ఆమె తన ఇంటి మాట రాసింది, ఆ మాటలో హోమర్ నాటి అర్థమే ఉంది. ఆ అమ్మాయిని పిలిచి, నీ ఇంటి నరంలో మూడు వేరువేరు వస్తువులున్నాయి, ఇది వాటిలో ఒకటి అని రెండు నిమిషాలు చెప్పి ఉంటే సరిపోయేది. మా బాపుకు నరాల సూదులు వేసినచోట కూడా జరిగింది ఇదే. ఆయన తన భాషలో సరిగ్గానే చెప్పారు. విన్నవారు ఆ మాటను తమ పుస్తకంలోని అర్థానికి కుదించుకున్నారు. తిమ్మిరి ఉందా, సూదులతో గుచ్చినట్టుందా, లేక తాడు లాగినట్టుందా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నెలలు మిగిలేవి.

ఈ పొరపాటుకు కూడా పాత చరిత్ర ఉంది. 1614లో బాసెల్ నగరపు వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ ఒక రాతిపని మేస్త్రీ వేళ్లు ఇలాగే ముడుచుకుపోయాయని రాసి, వేళ్లను వంచే టెండాన్లు తమ చోటు వదిలి చర్మం కిందికి లేచాయని భావించాడు. చర్మం కింద తాడు కనబడుతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. పారిస్‌లో గియోమ్ డ్యుపిట్రెన్ ఇలాంటి చేతిని మరణానంతరం కోసి చూసి, లోపలి టెండాన్లు చక్కగానే ఉన్నాయని, వాటికి పైనున్న అరచేతి అపోన్యూరోసిస్ దళసరియై కుదించుకుపోయి వేళ్లను లాగుతోందని తేల్చాడు. 1831లో ఒక ద్రాక్షసారా వర్తకుడికి ఆ పొరను కోసి వేళ్లు చాచుకునేలా చేశాడు. ఆ జబ్బుకు నేటికీ ఆయన పేరే. అతనికన్నా ముందు ఇంగ్లండులో కూడా ఇద్దరు ముగ్గురు దీన్ని గుర్తించారు. టెండాన్ అనుకుని దాన్ని కోసి ఉంటే వేలు శాశ్వతంగా పనికిరాకుండా పోయేది. నాడికీ స్నాయువుకూ, స్నాయువుకూ పృథుస్నాయువుకూ మధ్య గీసిన గీతలు అక్కడ కత్తి నడిచే దారిని నిర్ణయించాయి. నేతపని వల్లే ఇది వచ్చిందని మాత్రం నేను చెప్పను. వంశంలో ఉన్నవారికి, మధుమేహం ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది. బాపుకు షుగరు చాలా ఏళ్లుగా ఉంది.

చేయి మాత్రమే మొద్దుబారేలా మందిచ్చి, చెడిన పొరను తీసివేశారు. కొన్ని వారాలు రాత్రిపూట వేలికి చెక్కపట్టీ కట్టుకుని పడుకున్నారు, పగలు గోరువెచ్చని నీళ్లలో చేయి ముంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పినట్టు వేళ్లు చాచారు. వేలు ముప్పావు వంతుకు పైగా తిన్నగా అయింది, మధ్య కణుపు దగ్గర కొద్దిగా వంపు మిగిలింది. కొందరిలో ఇది తిరిగి వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు. పోయిన నెల చూపించడానికి వెళ్లినప్పుడు ఆయన బాపు చేతిని మళ్లీ బల్లమీద పరచమన్నారు. ఈసారి అరచేయి బల్లకు ఆనింది. ఎట్లా ఉందని అడిగారు. "నరం వదిలింది సారూ, ఇగ మంచిగనే ఉంది" అన్నారు బాపు. డాక్టరు గారు ఆ మాటను దిద్దలేదు. తలూపి, కాగితం మీద పామర్ అపోన్యూరోసిస్ అనే మాట కింద తేదీ వేసి, వేలి వంపు ఎన్ని డిగ్రీలో కొలిచి రాసుకున్నారు.